ప్లాన్‌లో గీయని నేల

హైదరాబాద్‌లోని కోఠి రెసిడెన్సీ గురించి ఒక కథ చెబుతారు. బ్రిటిష్ రెసిడెంట్‌గా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కొత్త భవనానికి స్థలం కోరుతూ, పెద్ద కాగితం మీద గీయించిన ప్లాన్‌ను నిజాం అలీఖాన్‌కు పంపాడట. నిజాం కాదన్నాడు. ఎందుకని ఆరా తీస్తే, కాగితం మీద ఆ స్థలం తన రాజ్యం పటమంత పెద్దగా కనిపించిందని తేలింది. అదే ప్లాన్‌ను చిన్న అట్టముక్క మీద గీయించి మళ్లీ పంపితే అనుమతి వచ్చేసిందట. లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ రూపకల్పన చేసిన ఆ భవనం పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో లేచింది. 1949 నుంచి మహిళా కళాశాలకు నెలవైంది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది.

గీత వేరు, కట్టడం వేరు. గీతను చూసి కట్టడాన్ని ఊహించుకునే పని మనిషిది. ఆ ఊహలో తేడా వస్తే నిజాంకైనా మేస్త్రీకైనా ఇబ్బందే. ఈ రెండింటి మధ్య ఎడం తగ్గించాలని అరవై ఏళ్లుగా జరుగుతున్న కృషిలో ఒక చిన్న అధ్యాయం ఉంది. కంప్యూటర్‌లో నాలుగు వరుసల కోడ్ రాసి అంతస్తు నేలను, అంటే స్లాబును, పుట్టించడం. చూడ్డానికి ఇంజినీర్ల గదిలో మాత్రమే పనికొచ్చే విషయంలా ఉంటుంది. కానీ మన ఇళ్లు ఎలా అనుమతి పొందుతున్నాయో, ఎంత కాంక్రీటు తాగుతున్నాయో, ఎక్కడ తప్పులు జరుగుతున్నాయో తెలియాలంటే ఈ అధ్యాయం తెలియాలి.

గోడకు గీత ఉంది, నేలకు లేదు

చిక్కడపల్లి సందుల్లోనో అశోక్‌నగర్‌లోనో పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ లేపుతున్న చోట, సైటు గదిలో అంటించిన ప్లాన్‌ను దగ్గరగా చూడండి. గోడలకు జంట గీతలుంటాయి. తలుపుకు పావు వృత్తం ఉంటుంది. కిటికీకి సన్నటి గీతలు, మెట్లకు వరుస గీతలు, ఎక్కే దిక్కు చూపే బాణం ఉంటాయి. బాత్రూములో కమోడ్ బొమ్మ కూడా ఉంటుంది. మనం నిలబడే నేలకు మాత్రం ఒక్క గీత ఉండదు. గోడల మధ్య మిగిలిన తెల్ల కాగితమే నేల. దాని మందం తెలియాలంటే సెక్షన్ చూడాలి. కడ్డీల వివరం స్ట్రక్చరల్ షీట్‌లో ఉంటుంది. బాత్రూము దగ్గర స్లాబు ఎంత కిందికి దిగాలో ఇంకోచోట రాసి ఉంటుంది.

కట్టేటప్పుడు సంగతి పూర్తిగా తలకిందులు. అక్కడ స్లాబు పడే రోజే అసలైన రోజు. సెంట్రింగ్ పూర్తవాలి, కడ్డీలు కట్టాలి, కరెంటు పైపులు పరవాలి, డక్టులకు ఖాళీలు వదలాలి. తెల్లవారేసరికి రెడీమిక్స్ లారీలు సందు మొగలో నిలబడతాయి. సాయంత్రానికి మేస్త్రీ నీళ్ల మడులు కట్టించే ఆలోచనలో ఉంటాడు. ఆ రోజు వదలడం మరిచిన రంధ్రాన్ని తర్వాత కోర్ కటింగ్ మిషన్ పెట్టి తొలవాల్సిందే, దారిలో కడ్డీ తెగినా సరే. ఇంత ఖర్చుతో పడే, ఒకసారి పడ్డాక వెనక్కి తీసుకోలేని వస్తువును ప్లాన్ ఖాళీగా వదిలేసింది. కాగితం మీద గీసినంత కాలం ఇది ఎవరికీ లోటుగా తోచలేదు. ఆ ఖాళీని మనిషి తలలో నింపుకునేవాడు. కంప్యూటర్‌కు అలా నింపుకునే తల లేదు. కథ అక్కడే మొదలైంది.

ఈస్ట్‌మన్ చూసిన రేపు

1963లో ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ అనే పరిశోధక విద్యార్థి స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం తయారుచేశాడు. టీఎక్స్-2 అనే యంత్రం తెర మీద లైట్ పెన్నుతో గీతలు గీయవచ్చు. అంతకంటే ముఖ్యం, గీతల మధ్య బంధుత్వాలు చెప్పవచ్చు. ఈ రెండూ సమాంతరంగా ఉండాలి అంటే, ఒకదాన్ని కదిపినా రెండోది ఆ మాట నిలబెట్టుకునేది. కంప్యూటర్‌తో గీయడమనే విద్యకు అదే పునాది. అయినా అందులో ఉన్నవి గీతలే, గోడలు కావు.

గీత నుంచి గోడకు అడుగు వేసినవాడు చార్లెస్ ఈస్ట్‌మన్. బర్క్‌లీలో ఆర్కిటెక్చర్ చదివి, పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి యంత్రానికి మనిషి మాట వినడం నేర్పుతున్నది కూడా ఆ రోజుల్లో ఆ క్యాంపస్‌లోనే. ఈస్ట్‌మన్ యంత్రానికి భవనం నేర్పాలనుకున్నాడు. పీడీపీ-10 కంప్యూటర్ మీద నడిచే బిల్డింగ్ డిస్క్రిప్షన్ సిస్టమ్ ఆయన బృందం పని. 1975లో అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ పత్రికలో ఆయన రాసిన వ్యాసం సారాంశం ఇది: భవనాన్ని బొమ్మలుగా కాదు, వస్తువుల జాబితాగా దాచుకుందాం. ప్రతి వస్తువుకూ ఆకారం, చోటు, పదార్థం ఉంటాయి. ప్లాను, సెక్షను, ఎలివేషను అన్నీ ఆ జాబితా నుంచే పుడతాయి. ఒక మార్పు ఒక్కసారి చేస్తే చాలు, అన్ని బొమ్మల్లోనూ మారుతుంది. సామాను లెక్క దానంతటదే వస్తుంది. ముందుముందు ఈ పద్ధతిలో నగర పాలక కార్యాలయంలోనే నిబంధనల తనిఖీని యంత్రం చేత చేయించవచ్చు.

ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి. హైదరాబాద్‌లో అది నిజమైన తీరు తర్వాత చెబుతాను.

గీతలు గీసే వేగం

ప్రపంచం మాత్రం ముందు ఈస్ట్‌మన్ దారిలో వెళ్లలేదు, వేగం దారిలో వెళ్లింది. 1982లో జాన్ వాకర్, ఆయన మిత్రులు పెట్టిన ఆటోడెస్క్ కంపెనీ అదే ఏడాది చివర ఆటోకాడ్‌ను తెచ్చింది. చిన్న కంప్యూటర్ మీద, చిన్న ఆఫీసులో కూడా గీయవచ్చు. ట్రేసింగ్ పేపరు, రోట్రింగ్ పెన్ను, అమ్మోనియా ప్రింటు వాసనల మధ్య పెరిగిన మన డ్రాఫ్ట్స్‌మన్‌లు తొంభైలలో ఒక్కొక్కరుగా మౌస్ పట్టుకున్నారు. కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో ఆటోకాడ్ పుస్తకం వెతుక్కుని నేర్చుకున్నవాళ్లు నగరంలో ఎందరో.

1986 జనవరిలో ఆటోకాడ్ లోపలికి ఆటోలిస్ప్ అనే చిన్న భాష చేరింది. గీసే పనిని కోడ్‌తో చేయించడం ఆఫీసుల దాకా వచ్చింది దీనితోనే. మెట్టు వెడల్పు, ఎత్తు, ఎన్ని మెట్లో చెబితే మెట్ల బొమ్మ మొత్తం గీసేసే లిస్ప్ ఫైలు చేతిలో ఉంటే, ఆ డ్రాఫ్ట్స్‌మన్‌కు ఆఫీసులో గౌరవమే వేరు. ఫ్లాపీల మీద అలాంటి ఫైళ్లు చేతులు మారేవి. కానీ ఆ కోడ్ పుట్టించింది కూడా గీతలనే. మెట్ల బొమ్మ వచ్చింది, మెట్లు రాలేదు. నేలకు అప్పటికీ దిక్కు లేదు.

అంతస్తు తెలిసిన సాఫ్ట్‌వేర్

హంగేరీలో గాబోర్ బోయార్ స్థాపించిన గ్రాఫిసాఫ్ట్ 1984లో తెచ్చిన ప్రోగ్రాం ఆర్కికాడ్‌గా ఎదిగి, గోడను గోడగా, స్లాబును స్లాబుగా చూడటం నేర్పింది. అమెరికాలో మరో పాయ మెకానికల్ ఇంజినీరింగ్ వైపు నుంచి వచ్చింది. యంత్ర భాగాల కొలతలు మారిస్తే ఆకారం దానంతటదే మారే ప్రో-ఇంజినీర్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీలో పనిచేసిన లియోనిడ్ రైజ్, ఇర్విన్ యుంగ్రైస్ 1997లో బయటికొచ్చి చార్లెస్ రివర్ సాఫ్ట్‌వేర్ పెట్టారు. యంత్రాలకు దక్కిన ఆ సౌకర్యం భవనాలకు ఎందుకు దక్కకూడదన్నది వాళ్ల ప్రశ్న. 2000 ఏప్రిల్‌లో వాళ్ల సాఫ్ట్‌వేర్ రెవిట్ తొలి రూపం విడుదలైంది. 2002లో ఆటోడెస్క్ 13.3 కోట్ల డాలర్లకు ఆ కంపెనీని కొనేసింది.

రెవిట్ నిర్మాతలు ఒకటి గట్టిగా అనుకున్నారు. ఆర్కిటెక్టు ప్రోగ్రామర్ కానక్కర్లేదు. తలుపులు, కిటికీల వంటివి కోడ్ రాయకుండా, బొమ్మ గీసినట్టే తయారుచేసుకునే వీలు కల్పించారు. నేల కూడా అంతే. స్లాబు కమాండ్ నొక్కితే తెర కొంచెం మసకబారుతుంది. గోడల అంచుల వెంట గులాబీ రంగు గీతలతో హద్దు గీయాలి. చుట్టూ తిరిగి మొదటికి వచ్చాక పచ్చ టిక్కు నొక్కాలి. ఆ క్షణంలో గీతలు మాయమై మందం ఉన్న స్లాబు ప్రత్యక్షమవుతుంది. దానికి రకం ఉంటుంది: కింద కాంక్రీటు, పైన బెడ్డింగు, ఆ పైన టైలు. దానికి లెవెల్ ఉంటుంది: ఆ అంతస్తు ఎత్తు మారిస్తే స్లాబూ లేస్తుంది. ప్లాన్‌లో తెల్ల కాగితంగా మిగిలిపోయిన నేలకు సొంత ఉనికి వచ్చింది.

మరి కోడ్ అవసరం ఎందుకొచ్చింది? పని పెరిగింది కనుక. ఒక ఇంటికి ఐదు స్లాబులైతే చేత్తో గీయవచ్చు. ఆసుపత్రి తీసుకోండి. ప్రతి గదికీ ఫ్లోరింగ్ వేరు. వార్డులో ఒక రకం, ఆపరేషన్ థియేటర్‌లో ఇంకొకటి, బాత్రూముల్లో జారని టైలు. ఒక్కో గదికి ఒక్కో నేలను గీస్తూ పోతే నెలలు గడుస్తాయి, రేపు గోడ జరిగితే మళ్లీ మొదటికి. రెండువేల దశకం మధ్యలో రెవిట్ బయటి ప్రోగ్రాములకు తలుపు తెరిచింది. దాన్నే ఏపీఐ అంటాం. గది హద్దును సాఫ్ట్‌వేర్‌నే అడిగి తీసుకుని, ఆ హద్దు మీద నేల వేయమని దానికే చెప్పవచ్చు. వందల గదులు ఒకే ఊపులో పూర్తవుతాయి.

కోడ్‌కు ఏమేం చెప్పాలి

స్లాబు పుట్టించే కోడ్‌లో విషయం కొంచెమే, కానీ ఏదీ దాటవేయడానికి వీల్లేదు. మొదటిది హద్దు. మెలికల ముగ్గు వేసే చెయ్యి బయల్దేరిన చోటికే తిరిగొచ్చినట్టు, హద్దు గీతలు ఒకదాని కొస ఒకదానికి తగులుతూ పూర్తి వలయం కావాలి. దాన్ని అదే ఖండించుకోకూడదు. మధ్యలో ఎక్కడ ఎడం వచ్చినా ప్రోగ్రాం నిరాకరిస్తుంది. మిల్లీమీటరులో దాదాపు ముప్పావు వంతు కంటే పొట్టి గీతనైతే అసలు ఒప్పుకోదు.

పాత ఆటోకాడ్ ఫైలు మీద కోడ్ నడిపినప్పుడు ఈ బాధ తెలుస్తుంది. నారాయణగూడలో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో ఆ దృశ్యం చూశాను. ప్రింటులో చూస్తే మూల కలిసే ఉంది. కుర్ర ఇంజినీరు తల పట్టుకుని కూర్చున్నాడు. “అన్నా, అన్నీ కలిసే ఉన్నయి. అయినా లూప్ క్లోజ్ కాలేదంటుంది.” పాతికేళ్లుగా గీతల మధ్యే బతికిన డ్రాఫ్ట్స్‌మన్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. “ఆ మూల దగ్గరికి పో తమ్మీ. ఇంకా పో. ఇంకా.” తెర మీద గోడలు బయటికి జరిగిపోయి, కొసకు రెండు గీతలు వెంట్రుకవాసి ఎడంతో ఒకదాన్నొకటి దాటిపోతూ కనిపించాయి. కాగితం ఏళ్ల తరబడి మన్నించిన తప్పును కోడ్ మన్నించలేదు.

రెండోది కొలమానం. మన దగ్గర ప్లాటు గజాల్లో ఉంటుంది, మేస్త్రీ అడుగుల్లో, అంగుళాల్లో మాట్లాడతాడు, అనుమతి ప్లాన్ మీటర్లలో ఉంటుంది, స్ట్రక్చరల్ డ్రాయింగ్ మిల్లీమీటర్లలో ఉంటుంది. తెర మీద ఏ కొలత చూపినా రెవిట్ లోపల పొడవును అడుగుల్లోనే దాచుకుంటుంది. మూడు వేల మిల్లీమీటర్ల ఎత్తు ఇవ్వాలనుకుని 3000 అని రాసి ఊరుకుంటే, అది 3000 అడుగులనుకుని, 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాను దాటి, 914 మీటర్ల ఎత్తున స్లాబు వేసేస్తుంది.

మూడోది లెవెల్, నాలుగోది స్లాబు రకం. లెవెల్ నుంచి ఎంత పైకి, ఎంత కిందికి అన్నది విడిగా చెప్పాలి. బాత్రూము సంకెన్ స్లాబు పుట్టేది ఆ ఒక్క అంకెతోనే. ఇవన్నీ ఒక ట్రాన్సాక్షన్ లోపల జరగాలి: మొదలుపెట్టానని చెప్పి, పని చేసి, ఖాయం చేయాలి. మధ్యలో పొరపాటు దొర్లితే మొత్తం రద్దు చేసి మోడల్‌ను పాత స్థితికి తేవచ్చు. సైటులో ఎవరికీ దొరకని వెసులుబాటు అది.

దీనివల్ల చేతికొచ్చే లాభం చిన్న లెక్కతో చూద్దాం. 40 అడుగులకు 30 అడుగుల స్లాబు. మెట్లకు 8 అడుగులకు 16 అడుగుల ఖాళీ. మిగిలేది 1072 చదరపు అడుగులు. ఐదంగుళాల మందానికి దాదాపు 447 ఘనపుటడుగులు, అంటే 12.6 ఘనమీటర్ల కాంక్రీటు. ఇలాంటివి ఐదు స్లాబులైతే 63 ఘనమీటర్లు. మందం ఆరంగుళాలు చేయాలన్నారనుకోండి. కోడ్‌లో ఒక్క అంకె మారుతుంది, ఐదు స్లాబులూ మారతాయి, లెక్క 76 ఘనమీటర్ల దగ్గర ఆగుతుంది. ఆ ఒక్క అంగుళం ఖరీదు ఆరు ఘనమీటర్ల రెడీమిక్స్ లారీలు రెండుకు పైనే. ఇంటి యజమానికి ఈ సంగతి పునాది తవ్వకముందే చెప్పగలగడం సాధారణ విషయం కాదు.

ఖాళీ కోసం పట్టిన కాలం

చాలా ఏళ్లపాటు రెవిట్‌లో నేలను పుట్టించే ఆదేశం పేరు న్యూఫ్లోర్. దానికి ఒక లోటుండేది. ఒక్క బయటి హద్దునే తీసుకునేది. లిఫ్ట్ వెల్, మెట్లు, డక్టు ఉన్న స్లాబు కావాలంటే ముందు నిండు స్లాబు వేసి, మోడల్‌ను తాజా చేసి, తర్వాత ఒక్కో రంధ్రాన్ని వేరే ఆదేశంతో కోయాలి. అపార్ట్‌మెంట్‌లో రంధ్రం లేని స్లాబు ఎక్కడుంటుంది? సైటులో సెంట్రింగ్ దశలోనే వదిలే ఖాళీని కంప్యూటర్‌లో పోసిన తర్వాత తొలుస్తున్నట్టయింది.

ఈలోగా కోడ్ రాయడం రాని ఆర్కిటెక్టులకూ దారి దొరికింది. ఇయాన్ కీఓ మొదలుపెట్టిన డైనమోలో వరుసలు రాయక్కర్లేదు. డబ్బాలను తీగలతో కలిపితే చాలు. హద్దు, రకం, లెవెల్ అనే మూడు తీగలు ఒక డబ్బాలోకి వెళితే అటువైపు నేల వస్తుంది. కావాలంటే మధ్యలో నాలుగు వరుసల పైథాన్ రాసుకోవచ్చు. మన నగరంలో చాలామంది కుర్ర ఆర్కిటెక్టులు కోడ్ గడప తొక్కింది ఈ తీగలు పట్టుకునే.

రెవిట్ 2022తో పాత లోటు తీరింది. న్యూఫ్లోర్‌ను పక్కనపెట్టి ఫ్లోర్ క్రియేట్ అనే కొత్త ఆదేశం వచ్చింది. ఇది వలయాల జాబితానే తీసుకుంటుంది. బయటి హద్దు, లోపలి లిఫ్టు, మెట్లు, డక్టు అన్నీ ఒకేసారి చెబితే రంధ్రాలతో సహా స్లాబు పుడుతుంది. వాలు కావాలంటే వాలు బాణం కూడా ఇవ్వవచ్చు. అదే విడతలో సీలింగును కోడ్‌తో పుట్టించే వీలు వచ్చింది, ఉన్న స్లాబు హద్దును కోడ్‌తో సవరించే వీలూ వచ్చింది. అంతకుముందు హద్దు మారాలంటే పాత స్లాబును చెరిపి కొత్తది వేయడమే చాలాసార్లు మార్గం. చెరిపితే దానికి అంటిపెట్టుకున్న కొలతలూ పేర్లూ కూడా పోయేవి. స్లాబు అంటే కాంక్రీటు ఒక్కటే కాదు, అందులో వదిలిన ఖాళీలు కూడా అని నేలను పుట్టించే ఆదేశం ఒప్పుకోవడానికి అన్నేళ్లు పట్టింది.

నగర పాలక కార్యాలయంలో యంత్రం

ఇప్పుడు ఈస్ట్‌మన్ మాటకు వద్దాం. హైదరాబాద్ నగర పాలక సంస్థ జీహెచ్ఎంసీ 2016లో భవన అనుమతులకు డీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ పద్ధతి తెచ్చింది. డ్రాయింగు ఫైలును మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేర్ చదివేది. అది చదవాలంటే ప్లాన్‌ను ప్రీడీసీఆర్ పద్ధతిలో తయారుచేయాల్సి వచ్చేది: ప్లాటుకు ఒక లేయరు, అంతస్తుకు ఒక లేయరు, ప్రతిదానికీ పేరు, ప్రతి హద్దూ మూసిన గీతగా ఉండాలి. మూయని హద్దుకు వైశాల్యం రాదు. వైశాల్యం రాకపోతే అనుమతి లెక్క కదలదు. రెవిట్ అడిగిన వలయాన్నే మన మునిసిపాలిటీ కూడా అడిగింది. ప్లాన్‌లో గీయకుండా వదిలేసిన నేల, అనుమతి కాగితంలో గీసి తీరాల్సిన మొదటి వస్తువుల్లో ఒకటైంది.

2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు జీవో నిబంధనల ప్రకారం, ప్లాటు వైశాల్యాన్ని, రోడ్డు వెడల్పును బట్టి సెట్‌బ్యాక్‌లు, ఎత్తు తేలతాయి. కొలిచి సరిపోల్చే పని కనుక యంత్రానికి తగినదే. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ఇంకో అడుగు వేసింది. 500 చదరపు మీటర్ల లోపు ప్లాటులో పది మీటర్ల ఎత్తు దాటని ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి, అంతకు మించితే 21 రోజుల్లో సింగిల్ విండో. ఆ పద్ధతి 2020 నవంబరు 16న మొదలైంది. ఈస్ట్‌మన్ అదే నెలలో కన్నుమూశారు. పిట్స్‌బర్గ్‌లో ఆయన ఊహించిన యంత్ర తనిఖీ, 2016 నాటి పద్ధతితో ఆయన జీవితకాలంలోనే హైదరాబాద్‌లో రోజువారీ పనిగా మారింది.

యంత్రానికి తెలియనివి మాత్రం చాలా ఉన్నాయి. హద్దు మూసి ఉందో లేదో చెబుతుంది, స్లాబు నిలబడుతుందో లేదో చెప్పదు. స్లాబు మందానికి మన ఐఎస్ 456 ప్రమాణంలో ప్రాథమిక నిష్పత్తులున్నాయి. ఆధారాల మధ్య దూరం, ప్రభావవంతమైన మందానికి ఇన్ని రెట్లు దాటకూడదని చెప్పే లెక్క అది. గోడ బయటికి వేలాడే స్లాబుకు 7, రెండువైపులా ఆనిన దానికి 20, వరుసగా కొనసాగే దానికి 26. బాల్కనీని నాలుగడుగుల నుంచి ఆరడుగులకు లాగమంటే కోడ్ మారు మాట్లాడకుండా లాగుతుంది. ఈ నిష్పత్తిని సరిచూడమని కూడా కోడ్‌కు నేర్పవచ్చు, కానీ నేర్పాలని తట్టాల్సింది ఇంజినీరుకే. కోడ్‌తో స్లాబు వేయడం వచ్చినంత మాత్రాన స్లాబు తెలిసినట్టు కాదు.

అందుకే ఈ విద్య నేర్చుకునే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. కీబోర్డు ముట్టుకోకముందు మీరు వేయబోయే నేలను నోటితో చెప్పండి. దాని హద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఏ లెవెల్ మీద ఉంది, ఎక్కడ ఎంత దిగింది, ఎంత మందం, ఎందుకంత మందం, ఎక్కడెక్కడ ఖాళీ వదలాలి. మేస్త్రీకి అర్థమయ్యేలా చెప్పగలిగితే యంత్రానికీ చెప్పగలరు. ఆదేశాల పేర్లు మారతాయి. న్యూఫ్లోర్ పోయింది, రేపు ఫ్లోర్ క్రియేట్ కూడా పోవచ్చు. ఈ ప్రశ్నలు మారవు. వాటికి స్పష్టమైన జవాబులున్న ఇంజినీరు వేసిన స్లాబు కింద, చిక్కడపల్లిలో అద్దెకుండే కుటుంబమైనా, అశోక్‌నగర్ హాస్టల్ గదిలో గ్రూప్స్‌కు చదివే అమ్మాయైనా నిశ్చింతగా నిద్రపోవచ్చు. ఇన్ని దశాబ్దాల ఈ కృషికి అంతకు మించిన ప్రయోజనం మరొకటి లేదు.